నేను కలిపిన ఒక్క వాక్యం

18 జూన్ 1984, గొల్లదిన్నె

బడి తెరిచాను. పట్టీలో నలభై ఒక్క పేర్లు, వచ్చింది ఇరవై ఆరుగురు. వానల్లేవు కాబట్టి మిగతావాళ్లు గొర్రెల వెంటో, బెంగుళూరు పోయిన తల్లిదండ్రుల వెంటో ఉంటారు. పాత హాజరు పట్టీలో తెల్లకాగితాలు మిగిలాయి, వాటిలో రాసుకుంటున్నాను. ఎవరికీ చూపించేది కాదు.

పిల్లల ముఖాలు చూస్తే నాకు అన్నం సహించదు. ముక్కు కింద చారలు, కంటి మూలల్లో పుసులు, వాటి మీద ఈగలు. ధర్మవరంలో మా నాయన మగ్గం ముందు కూర్చునే ముందు చేతులు కడిగి, తుడిచి, ముక్కు దగ్గర పెట్టి వాసన కూడా చూసుకునేవాడు. పట్టుకు మరక అంటితే ఆ చీర పోయినట్టే. ఆ ఇంట్లో పెరిగినవాణ్ని నేను. నా బడిలో ఈ అసహ్యం కుదరదు.

రేపటి నుంచి ప్రార్థనకు ముందు అందరూ ముఖం కడుక్కోవాలి. బోరింగు ఈ కరువులో రెండు బిందెలకు మించి ఇవ్వడం లేదు. ఒకటి తాగడానికి, ఒకటి ముఖాలకు. సత్తు బేసినులో నీళ్లు పోసి వరుసగా నిలబెడతాను. నా మెత్తటి తువ్వాలు ఒకటి బడికిచ్చేశాను.

25 జూన్

దారికి వచ్చారు. తువ్వాలు పట్టుకుని నిలబడే పని మారెక్కకు అప్పగించాను. మూడో తరగతి. పుస్తకం ఎక్కడ తెరిచినా తడుముకోకుండా చదివే పిల్ల ఈ బడిలో ఇదొక్కతే. మిగతావాళ్లు అచ్చు చూస్తే పాము చూసినట్టు చూస్తారు.

దాని తండ్రి తిప్పయ్య బెంగుళూరులో గోడలు కట్టే పనిలో ఉన్నాడు. తల్లి బయమ్మ, ఆమె అత్త, ఈ పిల్ల ఇక్కడ. తిప్పయ్యకు జాబులు రాసేది నేనే, అతని జాబులు వస్తే చదివి చెప్పేదీ నేనే. ఈ ఊళ్లో అందరివీ అంతే. వీళ్ల గుట్టంతా నా దగ్గరుంది. నేను నోరు కాపాడుకునేవాణ్ని కాబట్టి సరిపోయింది.

3 జూలై

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. లెక్కలు అడగలేదు, పాఠం వినలేదు, పిల్లల ముఖాలు చూసి ఆగిపోయాడు. బేసినునూ తువ్వాలునూ చూపించాను. తనిఖీ పుస్తకంలో రాసినది ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను: "తాగునీటికే కటకటగా ఉన్న గ్రామంలో ఇంతటి పరిశుభ్రత ప్రశంసనీయం. ఇతర ఉపాధ్యాయులు అనుసరించదగినది."

పదకొండేళ్ల ఉద్యోగంలో ఇలాంటి మాట మొదటిసారి.

(ఈ పేజీ చింపాలని రెండుసార్లు పట్టుకున్నాను. ఉండనీ, నేను చదువుకోవాల్సిన పేజీ ఇదే. — సెప్టెంబరు.)

9 జూలై

గాలి. రెండు రోజులుగా ఎర్రమట్టి లేచి బడిలోకే వస్తోంది. మారెక్క ఇంటి పక్కనుండే ఆదెన్న కొడుక్కు కళ్లకలక వచ్చింది. ఇంకో ఇద్దరికి ఎర్రబడ్డాయి.

12 జూలై

తొమ్మిదిమంది. పక్క ఊరి జాతరకు పోయి వచ్చారు కదా, అక్కడ అంటించుకుని ఉంటారు. ఈగలు కూడా ఎక్కువగా ఉన్నాయి. ఇళ్లలో శుభ్రం లేకపోతే బడి ఎంతని చేయగలదు?

సాయంత్రం ఇంటికి పోయే ముందు కూడా ముఖాలు కడిగిస్తున్నాను. కలక వచ్చినవాళ్లను వరుసలో ముందు నిలబెట్టాను. ఎక్కువ అవసరం వాళ్లకే.

15 జూలై

పదిహేడు.

16 జూలై

మారెక్కకు కూడా వచ్చింది. పొద్దున బయమ్మ దాన్ని చంకనేసుకుని బడి గడప దాకా వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లను చంకన మోయడమేమిటని అడగబోయి ఆగాను. ఆ పిల్ల రెండు కళ్లూ అంటుకుపోయాయి.

"అయివారూ, పిల్ల కండ్లు తెరవలేకుండా ఉండాది. మా అన్నను తోడు తీసుకోని అనంతపురం పెద్దాసుపత్రికి పోదామనుకుంటాండా."

"కలకే గదమ్మా. దీనికి అనంతపురం యాడికి? వారం దినాల్లో అదే పోతాది. ఇంట్లో ఉంటే మట్లో ఆడుకుంటాది. బడికి పంపు, ఈడ రెండుమాట్లు కడిగిస్తా."

"మీరు చెప్తే సరే," అని దింపిపోయింది.

24 జూలై

హాజరు బాగుంది. నిజానికి ఎండాకాలం సెలవుల తర్వాత ఇంత హాజరు ఎప్పుడూ లేదు. చాలామందికి తగ్గుముఖం పట్టింది. మారెక్క ఎడమకన్ను తెరుచుకుంది. కుడికన్ను వెలుతురు చూడలేకపోతోంది. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటోంది.

26 జూలై

సబ్‌సెంటరు నర్సు లక్ష్మీనరసమ్మ వచ్చింది. పొద్దున్నే, సరిగ్గా వరుస నడుస్తున్నప్పుడు. చేతిలో మందు ట్యూబుల సంచి ఉంది. సంచి కింద పెట్టకుండానే అడిగింది.

"ఈ నీళ్లు ఎంతమందికి అయివారూ?"

"అందరికీ. బిందెకు మించి రాలేదు."

"గుడ్డ?"

"అదీ అందరికీ. రెండు దినాలకొకసారి ఉతుకుతా."

"కలక ఉండేవాళ్లు ముందా, లేనివాళ్లు ముందా?"

"ఉండేవాళ్లు ముందు. వాళ్లకే గదా కావాల్సింది."

ఆమె ఆదెన్న కొడుకు చేతిలోంచి తువ్వాలు తీసుకుని, అంచు పట్టుకుని ఎత్తి చూసింది. "ఇట్ల కడిగేదాని కంటే అస్సలు కడక్కుండా ఉండేది మేలు. ఒకరి కంట్లోది ఎత్తి ఇంకొకరి కంట్లో పెడతాండారు మీరు," అని, పిల్లలకు వరుసగా మందు పెట్టింది. ఒక్కొక్కరికీ పెట్టాక తన చేతులు సబ్బుతో కడుక్కుంది. చెంబెడు నీళ్లు చాలాయి. మారెక్క దగ్గర మాత్రం చాలాసేపు ఉంది. లేచి, ఈ పిల్లను వెంటనే అనంతపురం తీసుకుపోవాలని చెప్పింది.

ఎనిమిది చదివి ట్రైనింగు అయిన మనిషి పిల్లల ముందు నాకు పాఠం చెప్పిపోయింది.

27 జూలై

బోరింగులో నీళ్లు ఇంకా తగ్గాయి. అందువల్ల ముఖాలు కడిగించడం ఆపేశాను. నీళ్లు లేనందువల్లే.

30 జూలై

నిన్నా మొన్నా బయమ్మ తుమ్మి ఆకు పసరు పోసిందట. ఆదెన్న భార్య చెప్పింది. పసరు. వింటూనే నాకు ఒక రకమైన ఊరట కలిగింది. ఎందుకని అప్పుడు ఆలోచించలేదు.

రేపు వాళ్లతో పాటు నేను కూడా అనంతపురం పోతున్నాను. ఆసుపత్రిలో కాగితాలు రాసేందుకు చదువుకున్నవాడు ఒకడుండాలి కదా.

31 జూలై

బెళుగుప్ప దాకా నడక, అక్కడ బస్సు. పిల్ల కొంగు కప్పుకుని తల్లి ఒళ్లో ఉంది.

కళ్ల డాక్టరు టార్చి వేసి చూశాడు. కుడికంటి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. పువ్వు పడిపోయిందన్నాడు, ఆ కంటికి చూపు ఉండదన్నాడు. ఏమైనా పోశారా అని అడిగితే బయమ్మ పసరు సంగతి దాచుకోకుండా చెప్పింది. వరండాలో ఉన్న యాభైమంది వినేట్టు ఆమెను తిట్టాడు. ఆమె తల వంచుకునే ఉంది.

కాగితాలు తీసుకోవడానికి నేనొక్కణ్నే లోపలికి పోయినప్పుడు వేరేగా చెప్పాడు. "పసరు పోసేది మంచిది కాదు, అందుకే అరిచినా. కానీ ఈ కన్ను పోయింది దానివల్ల కాదు. పుండు పదిహేను దినాల నాటిది. మొదటి వారంలో తెచ్చింటే నిలిచేది. ఆమె చానా బెదిరింది, బయటికి పోయినాక మీరు నిదానంగా చెప్పండి." ఆ తర్వాత, బడిలో పిల్లలందరికీ ఒకే గుడ్డ వాడతారా అని అడిగాడు. నేను తల ఊపాను. ఔననో కాదనో అతనికి అర్థమైనట్టు లేదు.

మొదటి వారంలోనే తెద్దామని ఆమె నా గడపలో నిలబడి అడిగింది. యాడికి అన్నాను.

తిరుగు బస్సులో బయమ్మ, "నా చేతులతో నేనే పోగొట్టుకుంటి గదా అయివారూ," అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆమెను నేనేమీ అనలేదు. ఏమీ అనకపోవడం అబద్ధం చెప్పినట్టు కాదు కదా.

1 ఆగస్టు

రేపు చెబుతాను.

4 ఆగస్టు

బయమ్మ కార్డు పట్టుకుని వచ్చింది. తిప్పయ్యకు రాయాలి. నేల మీద కూర్చుని ఒక్కొక్క మాటే చెప్పింది. "పిల్ల కంటికి బాగలేదు అని రాయండి. అనంతపురం పోయొచ్చినాము అని రాయండి. ఒక కన్ను పోయింది అని రాయండి. ఇంకో కన్ను బాగుండాది. నువ్వు అల్లాడొద్దు, అన్నం తిను, అని రాయండి."

అన్నీ రాశాను. చివర రెండు వేళ్ల చోటు మిగిలింది. అందులో నా అంతట నేను ఒక వాక్యం కలిపాను: "ఇది నాటు పసరు పోసినందువల్ల జరిగినది."

కారణం తెలియకపోతే అతను మరీ ఆందోళన పడతాడని కలిపాను. జాబన్నాక విషయం పూర్తిగా ఉండాలి. పసరు పోసిన మాట నిజమే కదా. ఆమె దాచుకోలేదు కదా.

లక్ష్మీనరసమ్మ మాటలు ఊళ్లో అక్కడక్కడా వినిపిస్తున్నాయి. తిప్పయ్య మొరటు మనిషి. వస్తే నేరుగా బడికే వస్తాడు.

5 ఆగస్టు

నిన్నటి రాతలో చివరి మూడు వాక్యాలే నిజం. పైన రాసినదంతా ఒట్టి సంజాయిషీ.

21 ఆగస్టు

తిప్పయ్య కార్డు వచ్చింది. పోస్టుమాను అన్ని జాబులూ బడిలోనే ఇచ్చిపోతాడు. ఎవరో మేస్త్రీ చేత రాయించినట్టున్నాడు, అక్షరాలు పెద్దవిగా, గుండ్రంగా ఉన్నాయి.

"బయమ్మకు తిప్పయ్య రాయించునది. పసరు పోసి నా బిడ్డ కన్ను తీసినావు. అయివారే రాసినాడు కాబట్టి అది నిజమే. దసరాకు వస్తా. ఆలోపల పిల్లను మా యమ్మ దగ్గర ఇడిచి నువ్వు మీ పుట్టింటికి పో. నీ మొగం నాకు కనపడగూడదు."

'అయివారే రాసినాడు కాబట్టి.' ఆ ముక్క మీదే నా చూపు నిలిచిపోయింది.

మధ్యాహ్నం బయమ్మ వచ్చింది. చేతులు తుడుచుకుని నిలబడింది. నేను కార్డు ఎత్తి పట్టుకుని, "అంతా క్షేమమంట. పిల్లను జాగ్రత్తగా చూసుకోమన్నాడు. దసరాకు వస్తాడంట," అని చదివాను.

"అంతేనా? నిండుగా రాసిండాడే?"

"మేస్త్రీ అక్షరాలు పెద్దవి."

"కోపం చేసుకోలేదా?"

"లేదమ్మా."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మా ఆయప్ప మంచోడు అయివారూ. కొడతాడనుకుంటి," అంది. కార్డు ఇమ్మంది, దేవుని పటం వెనక పెట్టుకుంటానంది. ఇవ్వకపోతే అనుమానపడుతుందని ఇచ్చేశాను. ఆ ఇంట్లో పెద్దవాళ్లకు చదువు రాదులే అనుకున్నాను.

22 ఆగస్టు

దసరాకు ఇంకా నలభై రోజులకు పైగా ఉంది. తిప్పయ్యకు ఒక జాబు రాస్తే చాలు. పసరు వల్ల కాదని డాక్టరు చెప్పాడని రాస్తే చాలు. నా ఊసు ఎత్తాల్సిన పని కూడా లేదు.

25 ఆగస్టు

కార్డు కొన్నాను.

29 ఆగస్టు

రాయలేదు.

30 ఆగస్టు

రాశాను, చింపాను. పసరు కాదంటే మరి దేనివల్ల అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు రాయకుండా జాబు ఎలా ముగించాలో తెలియడం లేదు.

3 సెప్టెంబరు

రెండు రోజులు ధర్మవరం పోయి వచ్చాను. మా నాయన మగ్గం మీద ఉన్నాడు. ఒక పోగు తెగితే, దాన్ని ముడి వేసేదాకా మనిషి ఇంకో పనికి పోడు, ఇంకో మాట మాట్లాడడు. ఆయనకు చెబుదామని కూర్చుని, వానల గురించి మాట్లాడి లేచాను.

6 సెప్టెంబరు

మారెక్క చదవడం మానేసింది. బడికి వస్తోంది, ముందు వరుసలోనే కూర్చుంటోంది, పుస్తకం తెరుస్తోంది. చదవమంటే, "రాదు అయివారూ," అంటోంది. మంచి కంటికి బాగానే కనిపిస్తోంది, నల్లబల్ల మీది లెక్కలు చేస్తోంది. చదువు మాత్రం రాదంటుంది. ఒక కంటితో చదవడం కష్టంగా ఉండి ఉంటుంది.

11 సెప్టెంబరు

ఈ రోజు ఒకటో తరగతి వాచకం ఇచ్చి, "ఈ ఒక్క ముక్క చదువు," అన్నాను. పెదవులు కదిలాయి. లోపల చదువుకుంటోంది, నాకు తెలుస్తోంది. గొంతు పైకి రాలేదు. నా ముఖంలోకి చూసి, మళ్లీ పుస్తకంలోకి చూసి, "తప్పు వస్తాది," అంది.

తప్పు రాదు, చదువు అన్నాను. చదవలేదు.

15 సెప్టెంబరు

కార్డు ఇంకా అలాగే ఉంది.

19 సెప్టెంబరు

బయమ్మ వచ్చింది. మారెక్కను బడి మాన్పిస్తానంది. రాయకుండా ఉండలేను కాబట్టి, ఆమె చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"దీనికి చదువు అంటలేదు అయివారూ. మీ కష్టమంతా వ్యర్థం. పోయిన నెల వాళ్ల నాయన కార్డు వచ్చింది గదా, ఇంట్లో దీన్ని చదవమంటి. మళ్లీ ఒకసారి వినాలని ఆశ. ఇది ఏమేమో చదివింది. నేను దాని కన్ను తీసినానంట, పుట్టింటికి పోవాలంట, నా మొగం చూడడంట. మీరు చదివిన మాట ఒక్కటీ రాలేదు. సరిగ్గా చదువు అంటి. మళ్లీ అదే చదివింది. అయివారు చదివింది తప్పా, నువ్వు చదివేది ఒప్పా అని చెంప మింద ఒకటి ఇచ్చినా. కన్నులేని పిల్లను కొట్టినా అయివారూ, అంత కోపమొచ్చింది నాకు. ఇట్ల తప్పులు చదివే దానికి బడి దేనికి? మా యత్త గొర్రెపిల్లల్ని ఇది చూసుకుంటాది."

మారెక్క గోడ పక్కన నిలబడి వింటోంది.

నేను చెప్పాలి. అప్పుడే, అక్కడే చెప్పాలి.  చివరికి, "రేపొక్క దినం ఆగమ్మా. నేను ఇంటికొస్తా," అన్నాను.

పదకొండేళ్లలో నేను చక్కగా చదువు నేర్పినది ఒక్క పిల్లకు. అది సరిగ్గా చదివినందుకు దెబ్బ తిన్నది. తనకు చదువు రాదని నమ్మింది. ఈ ఊళ్లో నా కంటే బాగా, నా కంటే నిజంగా చదివినది అదొక్కతే.

20 సెప్టెంబరు

తెల్లవారుతూనే కూర్చుని రాశాను. కార్డు చాలదని కవరు తీసుకున్నాను. రెండు ప్రతులు రాశాను. ఒకటి పట్టుకుని బెళుగుప్పకు నడిచాను. అక్కడి టపాపెట్టెలో వేశాక కూడా చెయ్యి కాసేపు లోపలే ఉంచాను. ముందు అది వేస్తేనే నేను వెనక్కి తగ్గనని తెలుసు. నన్ను నేను ఈ మూడు నెలల్లో బాగా ఎరిగాను.

రెండో ప్రతి తీసుకుని మధ్యాహ్నం బయమ్మ ఇంటికి పోయాను. అత్త గొర్రెల దొడ్డిలో ఉంది, ఆమెను కూడా పిలిపించాను. బయమ్మ మంచం వాల్చింది. నేను కింద కూర్చున్నాను.

"తిప్పయ్యకు జాబు రాసినానమ్మా. నువ్వు వినాల," అన్నాను.

"చదవండి."

"నేను చదవను. మారెక్క చదువుతాది."

పిల్ల తల అడ్డంగా ఊపింది. బయమ్మ, "దానికి రాదని చెప్తి గదా," అంది. నేను కాగితం పిల్ల చేతిలో పెట్టి, "నేను రాసినదే. తప్పు వస్తే నాది," అన్నాను.

చాలాసేపు పట్టింది. మొదట ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది, తర్వాత గొంతు కొంచెం నిలబడింది. "తిప్పయ్యకు రామదాసు అయివారు రాయునది. పోయిన జాబులో పసరు వల్ల అని రాసినది నీ భార్య చెప్పిన మాట కాదు. నేను కలిపినాను. పసరు పోయకముందే కన్ను పోయిందని డాక్టరు నాతో చెప్పినాడు. ఆమెకు చెప్పమన్నాడు, నేను చెప్పలేదు. బడిలో అందరి ముఖాలు ఒకే నీళ్లలో కడిగించి ఒకే గుడ్డతో తుడిపించినది నేను. కలక అట్ల పాకింది. మొదట్లోనే ఆసుపత్రికి పోతానని బయమ్మ అడిగితే వద్దన్నది నేను. నీ జాబు వచ్చినప్పుడు అందులో లేనిది చదివింది కూడా నేను. నువ్వు అడగాల్సింది నన్ను. నేను బడిలోనే ఉంటాను."

అత్త బయమ్మ వైపు చూసింది. బయమ్మ లేచి లోపలికి పోయింది. పటం వెనక నుంచి పాత కార్డు తెచ్చి పిల్లకిచ్చింది.

"ఇదీ చదువు."

మారెక్క చదివింది. కన్ను తీసినావు అన్న చోట ఆగలేదు, పుట్టింటికి పో అన్న చోట ఆగలేదు. చివరి దాకా చదివి కార్డు తల్లికిచ్చేసింది.

బయమ్మ నన్ను తిడితే బాగుండునని కూర్చున్నాను. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. పిల్లను దగ్గరికి లాక్కుని, ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"ఏ చెంప మింద కొట్టినానే ఆ పొద్దు?" అని అడిగింది.

"మతికి లేదమ్మా," అంది మారెక్క.